రెండో నెల మాత్ర

మా చిన్నమ్మ వాళ్లది కోసిగి పక్క పల్లె. వాళ్ల అబ్బాయి ఎమ్మిగనూరులో మా ఇంట్లోనే ఉండి ఇంటర్ చదివినాడు. రెండో సంవత్సరంలో ఉన్నట్టుండి తిండి తగ్గించేసినాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. పుస్తకం ముందు పెట్టుకుని గంటసేపు అదే పేజీ చూస్తా కూర్చునేవాడు. అవ్వ "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించి, ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంది. చిన్నాయన "చదువంటే బద్ధకం" అన్నాడు. నాలుగు నెలలు అట్లే పోయినాయి. చివరికి ఎవరో చెబితే కర్నూలులో డాక్టరుకు చూపించినారు. ఆయన డిప్రెషన్ అని చెప్పి, మాత్రలు రాసి, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

నెల తర్వాత ఎవరూ పోలేదు. అప్పటికి చిన్నమ్మ, చిన్నాయన సుగ్గికి గుంటూరు పోయినారు, మిరపకాయలు కోయడానికి. వానల మీద బతికే పడమటి కర్నూలులో ఇది ఏటా ఉండేదే. పదిహేడేళ్ల పిల్లవాణ్ణి అంత దూరం ఎవరు తోడు తీసుకుపోవాలి? పక్క గదిలోనే ఉన్న నేను కూడా "మాత్రలు అయిపోయినాయా రా?" అని ఒక్కసారీ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

రెండో నెల ఎందుకంత ముఖ్యం?

జ్వరం మాత్ర వేసుకుంటే గంటలో తెలుస్తుంది. డిప్రెషన్ మందులు అట్లా కాదు. పని కనిపించడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొందరికి మొదటి రోజుల్లో కడుపులో వికారం, తలనొప్పి వస్తాయి. అంటే ఇబ్బంది ముందు, మేలు తర్వాత! కుర్రవాళ్లలో అయితే మొదటి వారాల్లో మనసు ఎట్లా ఉందో దగ్గరుండి గమనించుకోవాలి కూడా. బాగైనాక సైతం కొన్ని నెలలు మందు కొనసాగించమంటారు. డాక్టరును అడగకుండా మధ్యలో ఆపేస్తే జబ్బు తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ. కొందరికి మందు అవసరం లేకుండా కౌన్సెలింగే సరిపోవచ్చు, కానీ దానికీ వారం వారం పోవాల్సిందే.

కాబట్టి "వైద్యం అందింది" అంటే ఒకసారి డాక్టరును చూడడం కాదు. ఏడాదిలో ఎన్నోసార్లు చూడగలగడం. ఎమ్మిగనూరు నుంచి కర్నూలు డెబ్బై కిలోమీటర్లకు దగ్గర, ఆదోని నుంచి ఇంకా ఎక్కువ. ఓపీ చీటీకి డబ్బులు లేకపోయినా బస్సు ఛార్జీలు ఇద్దరికి, తోడొచ్చినవాళ్ల కూలి ఒక రోజు, పిల్లవాడి క్లాసులు ఒక రోజు పోతాయి. మొదటిసారి అప్పో సొప్పో చేసి పోతారు. రెండోసారికి ఆగిపోతారు. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

జవాబు పక్క జిల్లాలోనే దొరికింది

1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలులో కలిసింది. ఆ బళ్ళారిలోనే 1980ల నడుమ నిమ్హాన్స్ ఒక పని మొదలుపెట్టింది. పేషెంట్లను బెంగళూరుకు రప్పించే బదులు, ఊళ్లలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. అవసరమైన కొద్ది రకాల మందులు అక్కడే ఉంచింది. కష్టమైన కేసులను చూడడానికి జిల్లా స్థాయిలో ఒక బృందం. ఇంతే.

దేశమంతా చెప్పుకునే 'బళ్ళారి నమూనా' ఇదే. దీని మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అంటే మార్గం తెలియక ఆగలేదు. రెండో నెల మాత్ర ఊరి పీహెచ్‌సీలో దొరికితే మా తమ్ముడికి అవ్వ తోడు చాలు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, చేతిలో కార్డు లేకపోయినా, ఉచితం.

కిలోమీటర్లు తగ్గినా సిగ్గు తగ్గదు

ఆసుపత్రి వరుసలో మన వీధి మనిషి కనిపిస్తే చాలు, "ఫలానా వాళ్ల పిల్లోడికి పిచ్చంట" అని సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఆస్ట్రేలియాలో అబోరిజినల్ జనానిదీ దగ్గరదగ్గర ఇదే బాధ. నగరంలో ఆసుపత్రులు ఉన్నా అక్కడ వివక్ష, భయం. అందుకే 1971లో సిడ్నీ నగరం రెడ్‌ఫర్న్‌లో తమ వైద్య కేంద్రాన్ని తామే పెట్టుకున్నారు. 2022లో వాళ్లకోసం '13యార్న్' అనే ఫోన్ సేవ వచ్చింది. ఫోన్ ఎత్తేది కూడా వాళ్ల మనుషులే. మన భాషలో, మనల్ని చిన్నచూపు చూడని మనిషి దొరికితేనే నోరు తెరుచుకుంటుంది.

అదే 2022 అక్టోబర్ 10న మన దేశంలో టెలీ మానస్ మొదలైంది. నంబర్ 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, ఫ్రెండ్ అట్లాంటి మాట అన్నా ఆ నిమిషమే చేయాల్సిన నంబర్ ఇది. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

ఇంకొకటి మన క్యాంపస్‌కు సంబంధించింది. విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. మన కాలేజీలో ఆ గది ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే రేపు అడుగుదాం.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. సుగ్గి నుంచి చిన్నమ్మ వచ్చినాక మళ్లీ కర్నూలు పోయినారు, ఈసారి వదలకుండా. ఇప్పుడు ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాడు. ఒక సంవత్సరం మాత్రం పోయింది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా మార్కుల కంటే ముందు అడిగేది ఒకటే: "రాత్రి నిద్ర పట్టిందా రా?"