ఒక బోరు, రెండు మళ్లు

అనంతపురం సీమలో పుట్టిన పిల్లలకు నీళ్ల లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు చాలావరకు పడమటి కనుమల మీదనే కురిసిపోతాయి. బంగాళాఖాతం నుంచి బయలుదేరిన ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. అందుకే "బోరులో ఎన్ని నీళ్లు పడ్డాయి?" అని అడిగితే, రైతు "ఒకటిన్నర అంగుళం" అని కొలిచినట్టు చెబుతాడు. ఆ నీటికి ఎన్ని మళ్లు తడుస్తాయో లెక్క వేశాకే విత్తనం చేతికి తీసుకుంటాడు.

కంప్యూటర్ దగ్గర కూడా ఇలాంటి లెక్కే ఒకటి ఉంది. అదేమిటో చూద్దాం.

మీ బడిలో ఒక కంప్యూటర్ ఉందనుకోండి. అందులో విండోస్ నడుస్తోంది. మీ ప్రాజెక్టులు, వార్షికోత్సవం ఫొటోలు, మాస్టారు తయారు చేసుకున్న పాఠాలు అన్నీ అందులోనే ఉన్నాయి. మీకు లినక్స్ కూడా నేర్చుకోవాలని ఉంది. ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, దాని లోగుట్టు విప్పి చదవచ్చు, మార్చుకోవచ్చు. ఆ వీలు ఉండబట్టే మనవాళ్లు 2005లో 'స్వేచ్ఛ' పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేయగలిగారు. మరి విండోస్‌ను తీసివేయకుండా లినక్స్‌ను పెట్టడం ఎలా? రెండు దారులున్నాయి.

మొదటి దారి: వంతులు

హార్డ్ డిస్క్‌ను పొలం అనుకోండి. ర్యామ్, ప్రాసెసర్ రెండూ కలిసి బోరు నీళ్లు. పొలం మధ్య గట్టు వేసి, ఒక మడి విండోస్‌కు, రెండో మడి లినక్స్‌కు ఇస్తాం. మీట నొక్కి కంప్యూటర్‌ను లేపగానే "ఈ పూట ఎవరి వంతు?" అని తెర మీద ఒక పట్టిక అడుగుతుంది. మీరు లినక్స్ అంటే బోరు నీళ్లన్నీ లినక్స్ మడికే పారతాయి. రెండో మడి ఆ పూటకు నిద్రపోతుంది. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు.

ఇందులో లాభం తెలుస్తూనే ఉంది. ఉన్న బలమంతా ఒక్కదానికే అందుతుంది. కష్టం కూడా ఉంది. వంతు మార్చాలంటే ప్రతిసారీ కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపాలి.

ఒక తమాషా కూడా జరుగుతుంది. కంప్యూటర్ లోపలి గడియారంలో ఉన్నది మన స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది. లినక్స్ సాధారణంగా దాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంగా చదువుతుంది. రెండింటికీ తేడా అయిదున్నర గంటలు. అందుచేత లినక్స్ వాడి విండోస్‌కు తిరిగి వస్తే, ఒక్కోసారి మధ్యాహ్నం 2 గంటలకు తెర మీద ఉదయం 8:30 కనిపిస్తుంది! కంగారుపడకండి, చిన్న సవరణతో సరిపోతుంది.

రెండో దారి: పంపకం

ఇందులో గట్టు వేయం. విండోస్ నడుస్తూండగానే దానిలో ఒక మామూలు ప్రోగ్రామ్‌లాగా వర్చువల్‌బాక్స్ వంటిదాన్ని తెరుస్తాం. అది ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. దాని డిస్క్ నిజానికి విండోస్‌లోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. లినక్స్ అందులో కాపురముంటూ, తాను నిజమైన యంత్రంలోనే ఉన్నాననుకుంటుంది. ఇదే వర్చువలైజేషన్.

ఇది కొత్త ఆలోచన కాదు. 1960లలోనే ఐబీఎమ్ సంస్థవారు ఒక పెద్ద కంప్యూటర్‌ను అనేకమందికి విడివిడి యంత్రాలుగా కనిపించేట్టు చేశారు. మన బల్లమీది కంప్యూటర్లకు ఈ విద్యను 1999లో వీఎమ్‌వేర్ సంస్థ తెచ్చింది. 2005 నుంచి ప్రాసెసర్లలోనే ఇందుకు తోడ్పడే ఏర్పాట్లు వచ్చాయి.

ఇక్కడ లినక్స్‌లో ఏం పాడుచేసినా విండోస్‌కు మామూలుగా ఏమీ కాదు. నచ్చకపోతే ఆ ఫైలు తీసివేస్తే సరి. కాని రెండు మళ్లకూ ఒకేసారి నీళ్లు పారాలి. బోరు బలంగా ఉంటే ఇబ్బంది లేదు. ర్యామ్ 8 జీబీ ఉంటే లినక్స్‌కు 3 జీబీ ఇచ్చినా విండోస్‌కు 5 మిగులుతాయి. 4 జీబీ మాత్రమే ఉంటే? ఇద్దరికీ చాలదు. అప్పుడు కంప్యూటర్ డిస్క్‌నే ర్యామ్‌గా వాడుకోవడం మొదలుపెడుతుంది. డిస్క్ ర్యామ్ కంటే ఎంతో నెమ్మది. బాణం కదపడానికి కూడా ఎదురుచూడవలసి వస్తుంది. సన్నటి నీటిని రెండు కాలవల్లోకి మళ్లిస్తే రెండు మళ్లూ ఎండినట్టే.

ఏది ఎంచుకోవాలి?

బోరు చిన్నదైతే వంతులు, పెద్దదైతే పంపకం. ఇదీ మొదటి సూత్రం. కాని ఒక్క హెచ్చరిక. వంతుల పద్ధతిలో అసలు ప్రమాదం గట్టు వేసేటప్పుడే. డిస్క్‌ను విభజిస్తూండగా కరెంటు పోయిందా, ఏళ్ల తరబడి దాచుకున్నవన్నీ పోవచ్చు. పొరపాటున "మొత్తం చెరిపివేయి" అన్నదాన్ని ఎంచుకున్నా అంతే. కనుక ముందుగా ముఖ్యమైనవన్నీ వేరే డిస్క్‌లోకి నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటోందో లేదో చూడండి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. మాస్టారు పక్కన లేకుండా ఈ పనికి పూనుకోవద్దు.

బోరు చిన్నది, నకలు తీయడానికి వేరే డిస్క్ లేదు. అప్పుడెలా? అలాంటివారికి మూడో ఉపాయం ఉంది. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. "ఇన్‌స్టాల్" అన్నది నొక్కనంతవరకు డిస్క్‌కు మార్పు ఉండదు. కొంచెం నెమ్మదిగా నడిచినా, రుచి చూడడానికి ఇది చాలు.

ఈసారి బడి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కండి. వచ్చిన పట్టికలో 'పెర్ఫార్మెన్స్', దానిలో 'మెమరీ' చూడండి. ఎంత ర్యామ్ ఉందో, ఎంత ఖర్చవుతోందో కనిపిస్తుంది. మిగిలింది ఎంతో తీసివేసి, పుస్తకంలో రాసుకోండి. మీ బోరులో ఎన్ని అంగుళాల నీళ్లున్నాయో తెలిసిపోతుంది. ఎన్ని మళ్లు వేయాలో ఆ తరువాత మీరే చెప్పగలరు.