మొరం రోడ్డుకి బడ్జెట్ ఎలా వేయాలి?

ఊళ్లో మొరం రోడ్డు గుంతలు పడింది, టిప్పర్ వచ్చి మొరం పోసి వెళ్లింది. వానలు అయ్యేసరికి మళ్లీ అవే గుంతలు. ఎందుకంటారు? డబ్బంతా మొరానికే పెట్టారు, నీళ్లు పోవడానికి పెట్టలేదు.

ఒక లెక్క వేద్దాం. కిలోమీటరు పొడవు, 4 మీటర్ల వెడల్పు. దుమ్ములో, వానల్లో ఏడాదికి 2 సెంటీమీటర్లు పోయిందనుకోండి. అంటే 80 ఘనపు మీటర్లు! టిప్పర్‌కి 10 చొప్పున 8 టిప్పర్లు. రోలర్ తిప్పితే మొరం అణుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి.

ఇలాంటివి 50 కిలోమీటర్లుంటే? ఏటా అంతా పోయలేం. అందుకే ముందు తప్పని ఖర్చు పక్కన పెట్టాలి: గ్రేడర్, కాలువల పూడిక, తూములు. రోడ్డు నడుమ నుంచి పక్కలకి 4 శాతం వాలు అనుకుంటే, మన రోడ్డు నడుమ 8 సెంటీమీటర్లు ఎత్తుండాలి. అది పోయిందా, నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. గ్రేడర్‌ని కూడా నేల కాస్త తడిగా ఉన్నప్పుడే తిప్పాలి, ఎండలో గీకితే దుమ్మే మిగులుతుంది. మిగిలిన డబ్బుతో కొత్త మొరం, ఏటా కొన్ని కిలోమీటర్లు వంతులవారీగా.

అసలు గొడవ ఇక్కడే. పూర్తిగా పాడైన రోడ్డుకే డబ్బంతా పోస్తే, ఈలోగా బాగున్నవి కూడా పాడైపోతాయి. అలాగని దాన్ని వదిలేయలేం, అంబులెన్స్ రావాలి కదా! నేనైతే దాన్ని బండి పోయేంత వరకు చేయించి, మిగతా డబ్బు ఇప్పుడిప్పుడే అరుగుతున్న రోడ్లకి పెడతాను.

ఈసారి గ్రామసభలో మొరం ఎప్పుడు పోస్తారు అనే ముందు, పక్క కాలువ పూడిక ఎప్పుడు తీశారో అడగండి.