తాళం తీయకుండానే తెలిసే సైబర్ ముప్పు

ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కు నగరానికి దగ్గరలోని ఊరు ఉతై. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) ప్రాంతీయ శిక్షణ కేంద్రం ఇక్కడే ఉంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయి కర్మాగారానికి కాపలా కాసేది కూడా ఈ దళమే. గేటు దగ్గర మనిషిని ఆపవచ్చు. మరి నెట్‌వర్క్ ద్వారా చొరబడేవాళ్లను?

ఉక్కు పరిశ్రమకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. జర్మనీలోని ఒక ఉక్కు కర్మాగారంలో ఏం జరిగిందో ఆ దేశ సైబర్ భద్రతా సంస్థ బీఎస్‌ఐ 2014 నివేదికలో వివరించింది. దాడి చేసినవాళ్లు మోసపు ఈమెయిళ్లతో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి, అక్కడి నుంచి ఉత్పత్తి వ్యవస్థలోకి చేరారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను సరైన పద్ధతిలో ఆపలేకపోవడంతో భారీ నష్టం జరిగింది.

ఇలాంటి చొరబాటు జాడలను బయటి నుంచే పసిగట్టే పద్ధతి ఒకటుంది. అదే ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్, క్లుప్తంగా ఓసింట్. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని పోగుచేసి, ఒకదానితో ఒకటి సరిచూసి, అర్థం రాబట్టడమే ఇందులోని పని. ఎవరి కంప్యూటర్‌లోకీ చొరబడరు.

తెలంగాణ పేరు ఎలా బయటపడింది?

2021 ఫిబ్రవరి 28న అమెరికా సంస్థ రికార్డెడ్ ఫ్యూచర్ ఒక నివేదిక విడుదల చేసింది. 'రెడ్‌ఎకో' అని తాను పేరు పెట్టిన, చైనాతో సంబంధం ఉందని భావించిన బృందం భారత విద్యుత్ సంస్థలపై గురిపెట్టిందని అందులో పేర్కొంది. ఆ జాబితాలో దేశంలోని 5 ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో 4 ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం పేరు కూడా ఉంది. విద్యుత్ సరఫరాను గిరాకీకి తగినట్టు క్షణక్షణం సర్దేది ఈ కేంద్రాలే.

ఈ సంస్థ తన దగ్గరున్న నెట్‌వర్క్ డేటాకు బహిరంగ సాధనాలను జోడించింది. కంప్యూటర్‌లో చేరిన మాల్‌వేర్ ఆదేశాల కోసం బయట ఉన్న ఒక సర్వర్‌ను సంప్రదించాలి. అలాంటి సర్వర్లు బయటి పలకరింపుకు బదులిచ్చే తీరులో కొన్ని ప్రత్యేక గుర్తులుంటాయి. వాటిని బట్టి సర్వర్లను పట్టుకుంటారు. తర్వాత ఏ ఐపీ చిరునామాలు వాటితో మాట్లాడుతున్నాయో చూస్తారు. ఆ చిరునామాలు ఏ సంస్థవో బహిరంగ రిజిస్టర్లు చెబుతాయి. ఉత్తరం విప్పకుండా కవరు మీది చిరునామాలు చదవడం లాంటిదన్నమాట.

కవరు చెప్పనిది

అయితే, ఉత్తరంలో ఏముందో కవరు చెప్పదు. సర్వర్‌తో సంబంధం కనిపించినంత మాత్రాన నష్టం జరిగిందని కాదు. 2020 అక్టోబరులో ముంబయిలో కరెంటు పోవడానికి ఈ చొరబాటే కారణమన్న వాదనకు ఆధారం లేదని ఆ నివేదికే స్పష్టం చేసింది. తమ కార్యకలాపాలపై ప్రభావం పడలేదని, సీఈఆర్‌టీ-ఇన్ 2020 నవంబరులోనే హెచ్చరించిందని కేంద్ర విద్యుత్ శాఖ తెలిపింది. అంటే బయటివాళ్లు అనుమానం చెప్పగలరు. దాన్ని తేల్చాల్సింది లోపలి లాగ్‌లు చూడగలిగినవాళ్లే.

ఇదే పద్ధతి దాడి చేసేవాళ్లకూ పనికొస్తుంది. ఏ కంపెనీ కంట్రోలర్ వాడుతున్నారో టెండరు పత్రం చెప్పేస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో ఉద్యోగ ప్రకటన చెబుతుంది. కంట్రోల్ రూమ్‌లో తీసుకున్న ఫొటోలో వెనకున్న తెర కనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఇవన్నీ మామూలు సంగతులే. కలిపితే దాడికి దారి చూపే పటమవుతాయి. అందుకే మన గోడ బయటి నుంచి ఎలా కనిపిస్తోందో ముందు మనమే చూసుకోవాలి. ఆ పటం శత్రువు చేతికి వెళ్లకముందే మన బల్ల మీద ఉండాలి.