ఫ్యాక్షన్ హింస – నేర నమోదు – భద్రతాభావం: కర్నూలు, కడప జిల్లాల నేపథ్యం

ప్రవేశిక

ఒక ప్రాంతంలో నమోదైన నేరాల సంఖ్య తక్కువగా ఉంటే అక్కడి ప్రజలు సురక్షితంగా ఉన్నారని భావించడం పరిపాటి. వ్యవస్థీకృత హింస వేళ్లూనిన చోట ఈ అంచనా నిలవదు. కర్నూలు, కడప జిల్లాల ఫ్యాక్షన్ గ్రామాలే ఇందుకు నిదర్శనం. ఇక్కడి హింసకు మూలం మాదకద్రవ్యాల వ్యాపారం కాదు, గ్రామాధిపత్యం. అయినప్పటికీ నేర నమోదుపై, ప్రజల భద్రతాభావంపై ఈ రెండింటి ప్రభావంలో పోలికలున్నాయి.

వర్గ నిర్మాణం

1984లో రద్దయ్యే వరకు కరణం, మునసబు పదవులు గ్రామాధికారానికి ముఖ్యమైన ఆధారాలుగా ఉండేవి. అనంతరకాలంలో స్థానిక ఎన్నికలు, కాంట్రాక్టులు, గనులు వర్గపోరుకు ప్రధాన క్షేత్రాలయ్యాయి. వర్షాధారమైన ఈ మెట్టప్రాంతంలో అనుచరుడి అప్పు మొదలుకొని కోర్టు ఖర్చు వరకు నాయకుడి అండపైనే ఆధారపడేవి. అందువల్ల వర్గంలో ఉండటం చాలామందికి తెగింపు కాదు, బతుకుదెరువు.

నేర నమోదులో వక్రత

ఈ నిర్మాణం నేర గణాంకాలను రెండు విధాలుగా వక్రీకరిస్తుంది. దొంగతనం, పొలంగట్టు తగాదా, స్త్రీలపై దౌర్జన్యం వంటివి పోలీసు స్టేషనుకు చేరకముందే నాయకుడి పంచాయితీలో ముగుస్తాయి. అతణ్ణి కాదని ఫిర్యాదు చేయడమే ధిక్కారమవుతుంది. హత్య జరిగినప్పుడు ఇందుకు భిన్నంగా, ఘటనతో సంబంధం లేని ప్రత్యర్థుల పేర్లు సైతం ఫిర్యాదులోకి ఎక్కుతాయి. విచారణ నాటికి సాక్షులు ఎదురుతిరగడమో, ఇరువర్గాలు రాజీపడటమో జరుగుతుంది. ఫలితంగా చిన్న నేరాలు లెక్కకు రావు. పెద్ద నేరాల్లో నిందితుల జాబితా పెరుగుతుంది.

భద్రతాభావం

తమ వర్గం వీధిలో రాత్రివేళ నిర్భయంగా తిరిగే రైతు, ఎదుటి వర్గం వీధి మీదుగా పట్టపగలైనా పొలానికి వెళ్లలేడు. అతనికి రక్షణ కల్పించేదీ, శత్రువులను తెచ్చిపెట్టేదీ ఒకే నాయకత్వం. 2008 మే నెలలో కర్నూలు జిల్లా కప్పట్రాళ్లకు చెందిన వర్గ నాయకుడితో పాటు మరో పదిమంది హత్యకు గురయ్యారు. కొన్నేళ్ల తర్వాత నాటి జిల్లా ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ గ్రామాన్ని దత్తత తీసుకున్నారు. బందోబస్తు దాడులను నిలువరించగలదు. నమ్మకాన్ని తిరిగి నిలపడానికి అది మాత్రమే చాలదనే గుర్తింపు ఈ చర్యలో కనిపిస్తుంది.

మాదకద్రవ్య ముఠాలపై 2006 డిసెంబరులో సైన్యాన్ని దించిన మెక్సికోలో, 2011 నుంచి ఏటా ఇంటింటి సర్వే ద్వారా బాధితుల అనుభవాలను, భద్రతాభావాన్ని నమోదు చేస్తున్నారు. అక్కడ 90 శాతానికి పైగా నేరాలు ఫిర్యాదుకో, దర్యాప్తుకో నోచుకోవడం లేదని ఆ సర్వేలు వెల్లడిస్తున్నాయి.

ముగింపు

కాబట్టి రాయలసీమ గ్రామాల భద్రతను ఎఫ్ఐఆర్‌ల సంఖ్యతోనే కొలవడం సరికాదు. ఇంట్లో దొంగతనం జరిగితే ముందుగా ఎవరి వద్దకు వెళ్తారు? ఏ దారిన నడవడానికి జంకుతారు? క్షేత్ర పరిశోధనలో ఈ ప్రశ్నలకు చోటుండాలి. వర్గాల పట్టు సడలిన గ్రామంలో ఫిర్యాదులు పెరిగితే, నేరం పెరిగిందని వెంటనే తీర్మానించరాదు. నాయకుడి అరుగు మీద ఆగిపోయిన మాట స్టేషను వరకు రాగలుగుతోందనడానికి అది సూచన కావచ్చు.