విత్తనాల కొట్టు మీద పాత స్లాబు: పైన పూత చాలా, పగలగొట్టి వేయాలా?

ఎప్పుడూ జీవామృతం గురించీ దేశీ విత్తనాల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కప్పు గురించి మాట్లాడుకుందాం. కారేపల్లిలో మా విత్తనాల కొట్టు ఉన్న బిల్డింగు స్లాబు పగలగొట్టి కొత్తది వేశాం. పని మొత్తం పై వీడియోలో ఉంది. అందులో చెప్పడానికి టైం చాలని లెక్కలూ కారణాలూ ఇక్కడ రాస్తున్నాను. మన ఊళ్ళల్లో ముప్పై నలభై ఏళ్ళ కిందటి షట్టర్ల కొట్లు, గోదాములు చాలా ఉన్నాయి. వాటిలో వ్యాపారం చేసేవాళ్ళకీ పంట దాచేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా.

కప్పుకీ విత్తనానికీ ఏం సంబంధం?

విత్తనం ఊపిరి తీసుకునే ప్రాణి. దాని ఆయుష్షు తేమ మీద, వేడి మీద ఉంటుంది. విత్తన నిల్వలో ఒక మోటు లెక్క ఉంది. విత్తనంలో తేమ 1 శాతం తగ్గితే నిల్వ కాలం సుమారు రెట్టింపవుతుంది. గదిలో వేడి 5 డిగ్రీల పైచిలుకు తగ్గినా అంతే. కారే స్లాబు తేమ పెంచుతుంది, ఎండకు కాలే స్లాబు వేడి పెంచుతుంది. అంటే రెండు వైపులా దెబ్బే. వేరుశనగ, మిర్చి లాంటివాటికి చెమ్మ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఉంది. అది వండినా పూర్తిగా పోదు. మందు కొట్టకుండా ఏడాదంతా కష్టపడి పండించింది కొట్లో పాడైతే ఎవర్ని అడుగుతాం?

మా కొట్టు సంగతి

మూడు షట్టర్లు, 20 అడుగుల లోతు, 30 అడుగుల పొడవు. మొత్తం 600 చదరపు అడుగుల స్లాబు. బిల్డింగు మా పెదనాన్నది, 1980ల చివర్లో కట్టింది. మేం అద్దెకుంటున్నాం. ముందు వాన కురిసినప్పుడు గోడ మూలల్లో చెమ్మ దిగింది. తర్వాత అడుగున పెచ్చులు ఊడటం మొదలైంది. ఒకరోజు కాటా పక్కనే అరచేయంత పెచ్చు పడింది. ఆ సమయంలో అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది.

సలహాలకు కొదవ లేదు. ఒకరు రబ్బరు పెయింటు వేయమన్నారు, ఒకరు పైన రేకులు వేయమన్నారు. పెదనాన్నయితే, "పైన ఇంకో పొర మాలు కొట్టిద్దాంరా, ఇంకో ఐదేళ్ళు ఆగుద్ది" అన్నాడు. ఆయన బాధా నిజమే. స్లాబు తీస్తే మూడు కొట్ల అద్దె ఆగుతుంది. కానీ లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

పొర మీద పొర వేస్తే ఎంత బరువు?

2 అంగుళాల సిమెంటు మాలు చదరపు మీటరుకు 100 కిలోల పైనే తూగుతుంది. 600 చదరపు అడుగులకు సుమారు 6 టన్నులు. మా స్లాబు మీద అప్పటికే అలాంటి పొర ఒకటి ఉంది. ఇంకోటి వేస్తే, లోపల చువ్వలు తుప్పు పట్టిన స్లాబు నెత్తిన 12 టన్నులు పెట్టినట్టు.

మనకి దగ్గర్లోనే భద్రాచలంలో 2025 మార్చి 26న కడుతూ ఉన్న ఆరంతస్తుల భవనం కూలిపోయి పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాత కట్టడం మీదే పై అంతస్తులు లేపారని వార్తల్లో వచ్చింది. మా కొట్టుకీ దానికీ పోలిక లేదు. కానీ పాతదాని మీద బరువు పెంచే ముందు, మోసేది ఏ స్థితిలో ఉందో చూడాలన్న మాట రెండు చోట్లా ఒకటే.

చువ్వ బతికుందా, చచ్చిందా?

మంచి కాంక్రీటుకి క్షార గుణం ఉంటుంది. అదే లోపలి ఇనుముకి కవచం. ఏళ్ళ తరబడి గాలిలో బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దానికి నీళ్ళు తోడైతే తుప్పు మొదలు. తుప్పు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బుకే అడుగున కాంక్రీటు పగిలి ఊడుతుంది. కాబట్టి పెచ్చు ఊడిందంటే రోగం లోపల ముదిరిందని గుర్తు. అప్పుడు పైన పూత పూస్తే కారడం ఆగొచ్చు, అరిగిన చువ్వ మళ్ళీ లావు కాదు.

ఇంజనీరు గారు వచ్చి సుత్తితో తట్టుకుంటూ పోయారు (వీడియోలో ఆ బోలు శబ్దం వినండి). తర్వాత చువ్వలు గీకి కొలిచారు. 8 మిల్లీమీటర్ల చువ్వ కొన్ని చోట్ల 6కి వచ్చింది. చూడ్డానికి పావు వంతే పోయినట్టుంటుంది. బలం మాత్రం సుమారు 44 శాతం పోయినట్టు. అక్కడక్కడా అయితే తుప్పు గీకి, పూత వేసి, ప్రత్యేకమైన మాలుతో పూడ్చవచ్చు. మాది సగానికి పైగా అలాగే ఉంది. ఇక పెదనాన్న కూడా, "సరే, తీసేయండ్రా" అన్నాడు.

పగలగొట్టేటప్పుడు

* మృగశిర కార్తె లోపు కప్పు పడాలని ఎండాకాలంలోనే మొదలుపెట్టాం. విత్తనాలు ముందే వేరే ఇంటికి చేర్చాం.
* కింద జాకీలు పెట్టాకే పైన సమ్మెట పడింది. ముందు పిట్టగోడ, తర్వాత పట్టీలు పట్టీలుగా స్లాబు.
* పగిలిన ముక్కల్ని స్లాబు మీద కుప్ప పోయనివ్వలేదు. పనివాళ్ళకు హెల్మెట్లు తప్పనిసరి. పైన కరెంటు తీగ ఉంటే ముందు లైన్‌మన్‌కి చెప్పండి.
* 5 అంగుళాల స్లాబంటే ఒక్కటే సుమారు 18 టన్నుల శిథిలం. చెరువులోనో వాగులోనో పోయొద్దు. పొలంలో కూడా వద్దు, సిమెంటు సున్నం మట్టి గుణాన్ని మారుస్తుంది. మాది బండి బాటలో గుంతలకి పోయించాం.

కొత్త స్లాబులో మేం పట్టుబట్టినవి

ఎం20 కాంక్రీటుకి 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్లకు మించి నీళ్ళు వద్దు. ఇసుకలో తడి ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువవుతుందని ఇంకో బకెట్టు పోస్తారు, అక్కడ మనిషి నిలబడి ఉండాలి. చువ్వల కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టాలి. పాత స్లాబులో చువ్వలు సెంట్రింగుకి ఆనుకుని పడుకున్నాయి, అందుకే త్వరగా తుప్పెక్కాయి.

నీళ్ళు కట్టడం రైతుకి చెప్పనక్కర్లేదు. స్లాబు మీద చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నిలిపాం. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ రకానికి 10 రోజులు. ఆ ఎండల్లో మేం 14 రోజులు కట్టాం. జాకీలు కూడా అప్పటిదాకా కదపలేదు.

వాలు 10 అడుగులకు అంగుళానికి తగ్గకూడదు. పిట్టగోడ స్లాబుని కలిసే మూలని గుండ్రంగా మలిపించాం, ఎక్కువగా కారేది అక్కడే. తూములు రెండు పెట్టించాం. ఒకటి ఆకులతో పూడుకున్నా రెండోది లాగుతుంది.

పైన సున్నం, ఇటుక కంకర

స్లాబు మీద 48 గంటలు నీళ్ళు నిలిపి, ఎక్కడా కారలేదని చూశాక పాత పద్ధతికి వెళ్ళాం. తడిపిన సున్నం ఒక పాలు, ఇటుక కంకర మూడు పాళ్ళు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టాలి. మన అడవిలో దొరికే కరక్కాయే. సున్నం గచ్చు వేయడానికి ఐఎస్ 3036 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. ఇది స్లాబుకి బదులు కాదు, స్లాబు మీద గొడుగు. దీని బరువు కూడా ఉంటుంది కాబట్టి ఇంజనీరుకి ముందే చెప్పి లెక్కలో వేయించాం.

దాని మీద తెల్ల సున్నం పూత. తెలుపు ఎండని తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కొత్త వాణిజ్య భవనాలకు ఇలాంటి చల్లని కప్పు ఉండాలంటోంది. విత్తనాల కొట్టుకైతే చట్టం చెప్పకపోయినా కావాలి.

తూము కింద డ్రమ్ములు

600 చదరపు అడుగులంటే సుమారు 55 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 1,100 లీటర్లు. పోయింది పోగా 800 దక్కినా, ఎకరానికి 200 లీటర్ల చొప్పున నాలుగెకరాల జీవామృతానికి క్లోరిన్ లేని నీళ్ళు. మొదటి రెండు మూడు వానలవి మాత్రం వదిలేయండి, కొత్త సున్నం దిగుతుంది.

మీ కొట్టు కప్పు కూడా పాతదైతే ఈ వానాకాలం అయ్యేలోపు రెండు పనులు చేయండి. వాన వెలిసిన మర్నాడు పైకెక్కి నీళ్ళు ఎక్కడ నిలిచాయో సుద్దతో గీత గీయండి. కిందికి దిగి సరిగ్గా అదే చోట అడుగున పొడవాటి కర్రతో తట్టండి, నెత్తిన పడకుండా పక్కకి నిలబడి. డబడబమంటే పెయింటు డబ్బా కొనకముందే ఇంజనీరుని పిలవండి. సున్నం గచ్చు కొట్టే పని మొదటి నుంచి చివరిదాకా వచ్చే వీడియోలో చూపిస్తాను.