లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష

రక్తం గడ్డకట్టే ప్రక్రియకు అడ్డుపడే ఒక రకం ప్రతిరక్షకాలను గుర్తించే ప్రయోగశాల పరీక్షను లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష అంటారు. ఇందులోని ముఖ్య పద్ధతికి రక్తపింజర విషం వాడతారు. కర్నూలు, కడప ప్రాంతాల మెట్ట పొలాలలో కనిపించే ప్రమాదకరమైన విషసర్పాలలో ఇది ఒకటి.

పేరు

ఈ పేరు రెండు విధాల తికమక పెడుతుంది. ఈ ప్రతిరక్షకాలు ఉన్నవారిలో చాలామందికి లూపస్ వ్యాధి ఉండదు. పరీక్షనాళికలో ఇవి గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసినా, శరీరంలో మాత్రం రక్తనాళాలలో గడ్డలు ఏర్పడడానికి, పదేపదే గర్భస్రావం కావడానికి కారణమవుతాయి.

చరిత్ర

విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాములపై వెలువరించిన గ్రంథంలో ఈ పామును "కాటుకరేకుల పొడ" అనే తెలుగు పేరుతో వర్ణించాడు. ఈ విషంతో రక్తస్రావాన్ని ఆపవచ్చునని 1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ తెలిపారు. 1952లో కాన్లీ, హార్ట్‌మన్ లూపస్ రోగులలో గడ్డకట్టడాన్ని నిరోధించే పదార్థాన్ని గుర్తించారు. పలుచన చేసిన విషంతో జరిపే పరీక్షను త్యాగరాజన్, పెంగో, షపీరో 1986లో ప్రవేశపెట్టారు.

పరీక్షా విధానం

విషం పదవ గడ్డకట్టు కారకాన్ని నేరుగా ఉత్తేజపరుస్తుంది. ఆ తరువాతి చర్యలకు ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం అవసరం. దానిని తక్కువగా కలిపితే ప్రతిరక్షకాల ప్రభావం బయటపడుతుంది.

1. మొదటి పరీక్షలో గడ్డకట్టే సమయం పెరిగిందా అని చూస్తారు.
2. రోగి ప్లాస్మాకు సమానంగా ఆరోగ్యవంతుని ప్లాస్మా కలుపుతారు. లోపం కారకాల కొరత వలన అయితే సమయం సరిపడుతుంది. ప్రతిరక్షకాలుంటే సాధారణంగా సరిపడదు.
3. ఫాస్ఫోలిపిడ్ ఎక్కువగా కలిపినప్పుడు సమయం తగ్గితే నిర్ధారణ అవుతుంది.

ఒక్క పద్ధతి చాలదు కాబట్టి ఏపీటీటీ ఆధారిత పరీక్ష కూడా చేస్తారు.

జాగ్రత్తలు

రక్తాన్ని సిట్రేట్ నాళికలో సేకరించి, ప్లేట్‌లెట్లను తొలగించడానికి రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేయాలి. దూరపు ప్రయోగశాలకు పంపవలసివస్తే ప్లాస్మాను గడ్డకట్టించి, దారిలో కరగకుండా చూడాలి. హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులు ఫలితాన్ని తారుమారు చేయగలవు. అంటువ్యాధుల తరువాత ఈ ప్రతిరక్షకాలు తాత్కాలికంగా కనిపించవచ్చు. అందువలన కనీసం 12 వారాల తరువాత మరల పరీక్షించాలి. వ్యాధి నిర్ధారణ అయిన గర్భిణులకు వైద్యులు సాధారణంగా తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు.

పాముకాటు పరీక్షతో తేడా

పాము కరిచినవారి రక్తాన్ని గాజునాళికలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసే పరీక్ష వేరు. అక్కడ విషం గడ్డకట్టు కారకాలను ఖర్చుచేస్తుంది. ప్రతిరక్షకాల ప్రమేయం ఉండదు. రక్తం గడ్డకట్టకపోతే వెంటనే విషవిరుగుడు మందు ఇవ్వాలి.