చేను కాపలా తుపాకీకి ఎన్ని మేగజైన్లు?



శనక్కాయ చేలో ఊడలు దిగే వేళకు అడవి పందులూ దిగుతాయి. బంగారుపేట, కామసముద్రం పక్క పల్లెలకు ఏనుగుల భయం ఉండనే ఉంది. అందుకే కొందరు రైతులు లైసెన్సు తీసుకుని తుపాకీ పెట్టుకుంటారు. తుపాకీ ఇంటికి రాగానే వచ్చే ప్రశ్న ఇది: మేగజైన్లు ఎన్ని ఉండాలి, ఏవి కొనాలి?

మేగజైను అంటే కె.జి.ఎఫ్.లో పెద్దవాళ్లకు గనుల మందుగుండు కొట్టు గుర్తుకొస్తుంది. మనం చెప్పుకునేది రైఫిలు అడుగున బిగించే చిన్న తూటాల పెట్టె. లోపలి స్ప్రింగు తూటాలను పైకి నెడుతుంది. బోల్టును ముందుకు తోసినప్పుడల్లా ఒక తూటా గొట్టంలోకి పోతుంది.

ముందు మీ తుపాకీ ఏ రకమో చూడండి. మందూ గుండ్లూ మూతిలోంచి దట్టించే నాటు తుపాకీకి మేగజైను లేదు. మధ్యలో మడిచి తూటా పెట్టే 12 బోరు ఒంటి గొట్టం, జంట గొట్టం తుపాకులకూ లేదు. ఇవి ఉన్నవారికి జవాబు సున్న. ఇక .315 బోల్టు రైఫిలు సంగతి. దాని మేగజైనులో ఐదు తూటాలు పడతాయి. రెండు మేగజైన్లు చాలు. ఒకటి వాడకానికి, అది సొట్టబడితే మరొకటి.

మూడోది ఎందుకు వద్దు? ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో మీ లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. పది మేగజైన్లు కొన్నా ఆ లెక్క ఒక్క తూటా కూడా పెరగదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాల విడిభాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కకడుతుంది. కాబట్టి లైసెన్సున్న దుకాణంలోనే కొని, రసీదు దాచుకోండి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు తుపాకులు కూడా రెండే.

ఏది కొనాలి? మీ రైఫిలు రకానికి చేసినదే. పై అంచులు కొంచెం వంగినా తూటా అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. రెండింటి మీద ఒకటి, రెండు అని రంగుతో అంకెలు వేయండి. ఇబ్బంది పెట్టేది ఏదో తేలిగ్గా తెలుస్తుంది. వానాకాలంలో తుప్పు పట్టకుండా తుడిచి పెట్టండి.

గనుల్లో డిటొనేటర్లను, పేలుడు మందును ఒకేచోట కలిపి ఉంచరు. ఇంట్లోనూ అదే నీతి. తుపాకీ ఒక తాళం కింద, తూటాలు వేరే తాళం కింద, మేగజైను ఖాళీగా. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

చివరగా అసలు మాట. లైసెన్సు తుపాకీకే గాని, జంతువును చంపడానికి కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో ఏనుగు, నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2022 సవరణతో అడవి పంది రెండో షెడ్యూలులో చేరింది. దాన్ని కాల్చాలన్నా అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏనుగు వస్తే తుపాకీ ముట్టకండి, అటవీ శాఖకు కబురు చేయండి. గాయపడిన ఏనుగు ఊరికే ముప్పు.

మనది సరిహద్దు సీమ. కుప్పం వైపో, వి.కోట వైపో తుపాకీ తీసుకుపోయే ముందు, లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చదువుకోండి. రైఫిలు తూటా కిలోమీటరు దాటి కూడా పోగలదు. చీకట్లో కదిలినది పందో, పక్క చేని మంచె దిగిన మనిషో తెలియనప్పుడు మేగజైనులో ఒక్క తూటా ఉన్నా ఎక్కువే.